కింద ఆ చిన్న ‘2’ ఎక్కడ్నుంచి వచ్చింది? రసాయన ఫార్ములా లెక్క ఇంట్లోనే అర్థం చేసుకుందాం

మొగుడంపల్లి: మగ్రిబ్ నమాజ్ అయ్యాక మా ఆపా ఇంట్లో చాయ్ తాగుతుంటే, తొమ్మిదో తరగతి చదివే మేనకోడలు సైన్స్ నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది. ‘కాల్షియం క్లోరైడ్’ అని పేరు రాసి ఉంది. ఎదురుగా తను రాసిన ఫార్ములా, దాని చుట్టూ ఎర్ర పెన్నుతో గీత. పక్కనే సరైన జవాబు కూడా ఉంది. అది ఎందుకు సరైనదో మాత్రం ఎక్కడా లేదు.

‘‘మామూ, ఈ కింద చిన్న రెండు ఎక్కడ్నుంచి వచ్చింది?’’ అని అడిగింది.

నాకు తెలీదు. నేను బీకాం చదివాను. కామర్స్ మీద ఇష్టంతో చేరానని ఇంట్లో అందరూ అనుకుంటారు. అసలు సంగతి ఏంటంటే, టెన్త్‌లో ఈ ఫార్ములాలు ఎంత బట్టీ పట్టినా నిలవక, భయపడి ఇంటర్‌లో సీఈసీ తీసుకున్నాను. ఇప్పుడు ఆ పిల్ల కూడా అదే మాట అంటోంది. ఫార్మసీ చదవాలని దాని ఆశ. కానీ ‘‘నాకు కెమిస్ట్రీ రాదు, నేను కూడా సీఈసీ తీసుకుంటా’’ అని వాళ్ల అమ్మీకి ముందే చెప్పేసింది. ఒక్క చిన్న అంకె కోసం దారి మార్చుకోవడం నాకు నచ్చలేదు. అందుకే వారం రోజులు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. తీరా చూస్తే ఇది బట్టీ పట్టే విషయమే కాదు. నేను కాలేజీలో మూడేళ్లు చేసిన డెబిట్, క్రెడిట్ లెక్కే!

ఒక చిన్న మాట చెప్పి మొదలుపెడతాను. మూలకాల గుర్తులను పుస్తకాల్లో ఇంగ్లిష్ అక్షరాలతో రాస్తారు. ఇక్కడ మాత్రం పిల్లలు నోటితో చదివినట్టు తెలుగులోనే రాస్తున్నాను. సోడియం ‘ఎన్ఏ’, క్లోరిన్ ‘సీఎల్’, కాల్షియం ‘సీఏ’, ఇట్లా. దీనివల్ల ఒక లాభం ఉంది. మా ఆపా ఉర్దూ మీడియంలో ఏడో తరగతి దాకా చదివింది. ఇంగ్లిష్ అక్షరాలు చూడకుండానే, బిడ్డ పైకి చదువుతుంటే విని తప్పో ఒప్పో చెప్పగలదు. ఉర్దూలో చదువుకున్న పెద్దల కోసం ఇంకోటి: మూలకం అంటే ఉన్సుర్, సమ్మేళనం అంటే మురక్కబ్.

ఈ గుర్తుల్లో రెండు పిల్లల్ని బాగా తికమక పెడతాయి. సోడియానికి ‘ఎన్ఏ’ ఎందుకు? పొటాషియానికి ‘కే’ ఎందుకు? సోడియం లాటిన్ పేరు నేట్రియం. ఈజిప్టులో ఎండిన సరస్సుల దగ్గర దొరికే ఉప్పులాంటి ఖనిజాన్ని నత్రూన్ అనేవాళ్లు, ఆ పేరు అక్కడి నుంచి వచ్చింది. పొటాషియం లాటిన్ పేరు కాలియం. దాని మూలం అరబీ మాట ‘అల్ కలీ’, అంటే మొక్కల్ని కాల్చగా వచ్చే బూడిద. సబ్బు చేయడానికి, గాజు చేయడానికి ఆ బూడిద వాడేవాళ్లు. మన పిల్లలు క్షారానికి ‘ఆల్కలీ’ అని రాసేది కూడా ఆ మాటే. కెమిస్ట్రీ అనే పేరు వెనకా అరబీ ‘అల్ కీమియా’ ఉంది. అయితే వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లలాగా అంతా మనవాళ్లే కనిపెట్టారని మాత్రం నేను రాయను. ఇప్పుడు మనం వాడే అక్షరాల పద్ధతిని 19వ శతాబ్దం మొదట్లో స్వీడన్ కెమిస్ట్ బెర్జీలియస్ తెచ్చాడు. మాట ఒకరిది, పద్ధతి ఇంకొకరిది. చదువు ఎప్పుడూ ఇట్లాగే చేతులు మారుతూ వచ్చింది.

ఇక అసలు విషయానికి వద్దాం. ప్రతి పరమాణువులో ప్లస్ ఆవేశం ఉన్న ప్రోటాన్లు, మైనస్ ఆవేశం ఉన్న ఎలక్ట్రాన్లు సమానంగా ఉంటాయి. సోడియంలో 11 ఎలక్ట్రాన్లు. అవి పొరలు పొరలుగా 2, 8, 1 అని సర్దుకుని ఉంటాయి. బయటి పొరలో ఒక్కటే మిగిలింది. దాన్ని వదిలించుకుంటే లోపల 8తో నిండిన పొర బయటికొస్తుంది, పరమాణువు నిలకడగా ఉంటుంది. క్లోరిన్‌లో 17 ఎలక్ట్రాన్లు: 2, 8, 7. దానికి ఒక్కటి తక్కువైంది. ఇచ్చేవాడు ఉన్నాడు, తీసుకునేవాడు ఉన్నాడు, బేరం కుదిరింది. ఒక మైనస్ ఇచ్చేసిన సోడియం +1 అయింది. తీసుకున్న క్లోరిన్ −1 అయి, క్లోరైడ్ అని పేరు మార్చుకుంది. ఇట్లా ఆవేశం వచ్చిన పరమాణువునే అయాన్ అంటారు. ప్లస్ ఉంటే ధన అయాన్ లేదా కాటయాన్, మైనస్ ఉంటే రుణ అయాన్ లేదా ఆనయాన్. ఈ అయాన్ అనే మాటను 1834లో మైకేల్ ఫారడే వాడుకలోకి తెచ్చాడు. గ్రీకులో దానికి ‘వెళ్లేది’ అని అర్థం.

ప్లస్, మైనస్ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. అలా కలిసిందే మనం కూరలో వేసే ఉప్పు, సోడియం క్లోరైడ్. +1, −1 కలిపితే సున్నా. ఒకటికి ఒకటి చాలు. ఫార్ములా ఎన్ఏసీఎల్.

ఇప్పుడు నోట్‌బుక్‌లోని కాల్షియం దగ్గరికి వద్దాం. కాల్షియంలో 20 ఎలక్ట్రాన్లు: 2, 8, 8, 2. బయట రెండు ఉన్నాయి, రెండూ ఇచ్చేస్తుంది, +2 అవుతుంది. క్లోరిన్ మాత్రం ఒక్కటే తీసుకోగలదు. కిరాణా కొట్టులో అనుకోండి. కాల్షియం చేతిలో రెండు రూపాయలు ఉన్నాయి, రెండూ ఖర్చు కావాల్సిందే. ఒక్కో క్లోరిన్ రూపాయి మాత్రమే పుచ్చుకుంటుంది. మరి ఎన్ని క్లోరిన్లు కావాలి? రెండు. ఆ ‘రెండు’నే క్లోరిన్ పక్కన కింద చిన్నగా రాస్తారు: సీఏసీఎల్₂. కాల్షియం ఒక్కటే కాబట్టి దాని కింద ఏమీ రాయరు. మేనకోడలు అడిగిన ప్రశ్నకు జవాబు ఇంతే. వారం పట్టింది నాకు!

మన దగ్గర పాత లెక్కల పుస్తకాల్లో, భూమి కాగితాల్లో మొత్తాన్ని ‘మీజాను’ అంటారు. ఉర్దూలో మీజాన్ అంటే మొత్తం, తరాజు కూడా. సూరా రహ్మాన్‌లో ఆ మాట వినని ఇల్లు మనలో ఉండదు. ఫార్ములా రాయడం అంటే ఆ మీజాన్ చూడటమే. ఒక పళ్లెంలో మొత్తం ప్లస్, ఇంకో పళ్లెంలో మొత్తం మైనస్. రెండూ సమానమైతేనే ఫార్ములా ‘తుల్యం’ అయినట్టు.

అకౌంట్స్ నేర్పిన సార్ మాకు ఒక మాట చెప్పేవారు. ట్రయల్ బ్యాలెన్స్ టాలీ కాకపోతే అంకెను దిద్దొద్దు, ఎంట్రీ వెతుకు అని. ఇక్కడా అదే. కాల్షియం +2ను మనకు అనుకూలంగా +1 చేయడానికి వీల్లేదు. అది దాని స్వభావం. మన చేతిలో ఉన్నది ఒక్కటే, ఏది ఎన్ని తీసుకోవాలన్నది.

బడిలో దీనికి ఒక షార్ట్‌కట్ చెబుతారు, క్రిస్‌క్రాస్ పద్ధతి. దీని ఆవేశం అంకె దాని కింద, దాని అంకె దీని కింద అడ్డంగా మార్చి రాయడం. అల్యూమినియం +3, ఆక్సిజన్ −2. అడ్డంగా మారిస్తే ఏఎల్₂ఓ₃. సరిచూద్దాం: రెండు మూళ్లు ఆరు, మూడు రెళ్లు ఆరు. టాలీ. పద్ధతి బాగానే ఉంది కదా? కానీ మెగ్నీషియం +2, ఆక్సిజన్ −2 వచ్చేసరికి పిల్లలు కళ్లు మూసుకుని ఎంజీ₂ఓ₂ అని రాసేస్తారు. తప్పు. ఒక +2కు ఒక −2 సరిపోతుంది, ఎంజీఓ చాలు. క్రిస్‌క్రాస్ చేశాక రెండు అంకెల్నీ భాగించి చిన్నవి చేయాలనే రెండో మెట్టు ఉంది. పిల్లలు దాన్నే మర్చిపోతారు.

నాకైతే ఇంకో దారి నయమనిపించింది. ఆరో తరగతిలో నేర్చుకున్న క.సా.గు. రెండు ఆవేశాల అంకెలు తీసుకోండి, ప్లస్, మైనస్ పక్కన పెట్టండి. వాటి క.సా.గు. కట్టండి. దాన్ని ఒక్కో ఆవేశంతో భాగిస్తే ఏది ఎన్ని కావాలో వచ్చేస్తుంది. 3, 2ల క.సా.గు. 6. ఆరును మూడుతో భాగిస్తే రెండు అల్యూమినియంలు, రెండుతో భాగిస్తే మూడు ఆక్సిజన్లు. మెగ్నీషియం ఆక్సైడ్‌లో 2, 2ల క.సా.గు. 2 కాబట్టి ఒకటి, ఒకటి. చివర్లో మళ్లీ భాగించే పనే లేదు. ఇంకా మంచి సంగతి, ఎందుకు చేస్తున్నామో చేసేటప్పుడే తెలుస్తుంటుంది. క్రిస్‌క్రాస్‌లో అంకెలు ఎగిరి అటూ ఇటూ పడతాయి తప్ప కారణం కనబడదు.

అంకెల్ని ఎందుకు అంత చిన్నవి చేయాలని మేనకోడలు అడిగింది. మంచి ప్రశ్న. నీళ్లలో అయితే రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ కలిసిన విడి అణువు నిజంగానే ఉంటుంది. ఉప్పులో అలాంటి జంటలు లేవు. ఉప్పు పలుకులో ప్రతి సోడియం చుట్టూ ఆరు క్లోరైడ్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియాలు, అన్ని వైపులా అట్లాగే వరస. ఏ సోడియం ఏ క్లోరైడ్‌ది అంటే చెప్పలేం. జమాత్‌లో భుజం భుజం కలిపి సఫ్‌లో నిలబడినప్పుడు ఎవరికి ఎవరు జంట అని అడిగినట్టే. అందుకని ఇక్కడ ఫార్ములా చెప్పేది నిష్పత్తి మాత్రమే. ఒకటికి ఒకటి అంతే. 1913లో బ్రాగ్ తండ్రీకొడుకులు ఎక్స్‌రేలతో ఈ అమరికను చూపించారు. హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే పేరున్న బ్రిటిష్ కెమిస్టుకు ఇది ఎంతకీ మింగుడుపడలేదు. 1927లో నేచర్ పత్రికకు ఉత్తరం రాసి మరీ కోప్పడ్డాడు. అంత పెద్దమనిషికే అర్థం కాలేదంటే తొమ్మిదో తరగతి పిల్లల్ని ఏమనగలం?

అసలు చిక్కు గుంపుల దగ్గర మొదలవుతుంది. సల్ఫేట్, నైట్రేట్, కార్బొనేట్ లాంటివి ఒక్క పరమాణువు కాదు, నాలుగైదు కలిసి ఉండే గుంపులు. వీటిని బహుపరమాణుక అయాన్లు అంటారు. పేరు చూసి భయపడొద్దు. ఇది ఉమ్మడి కుటుంబం, ఇంటికంతా ఒకే రేషన్ కార్డు. ఎస్ఓ₄ అంటే ఒక సల్ఫర్, నాలుగు ఆక్సిజన్లు, మొత్తం కుటుంబానికి కలిపి −2. ఆ లోపలి 4 వాళ్ల ఇంటి లెక్క, మనం ముట్టుకోకూడదు. ఇంకో సల్ఫేట్ కావాలంటే కుటుంబాన్ని కుటుంబంగానే పిలవాలి. అందుకే బ్రాకెట్.

తాంబూలంలో రాసే సున్నం చూడండి. కాల్షియం హైడ్రాక్సైడ్. కాల్షియం +2, హైడ్రాక్సైడ్ అనే ఓహెచ్ గుంపు −1. రెండు గుంపులు కావాలి: సీఏ(ఓహెచ్)₂. బ్రాకెట్ లేకుండా సీఏఓహెచ్₂ అని రాస్తే ఆ రెండు ఒక్క హైడ్రోజన్‌కే అంటుకుంటుంది, ఆక్సిజన్ ఒంటరిగా మిగిలిపోతుంది. పరీక్షలో మార్కు పోయేది ఎక్కువగా ఇక్కడే. అయితే గుంపు ఒక్కటే ఉంటే బ్రాకెట్ అక్కర్లేదు. కెటిల్ అడుగున, బకెట్ అంచున బోరు నీళ్లకు తెల్లగా పేరుకునే పొరలో ఎక్కువగా ఉండేది కాల్షియం కార్బొనేట్. కార్బొనేట్ సీఓ₃ ఆవేశం −2. ఒకటికి ఒకటి, సీఏసీఓ₃.

ఈ గుంపుల ఆవేశాలు మాత్రం గుర్తుపెట్టుకోవాల్సిందే, వేరే దారి లేదు. అదృష్టం ఏంటంటే స్కూలు లెక్కకు ఓ అరడజను చాలు. అమ్మోనియం ఎన్‌హెచ్₄ ఒక్కటే ప్లస్ వైపు, +1. మైనస్ వైపు హైడ్రాక్సైడ్, నైట్రేట్ ఎన్ఓ₃ ఒక్కొక్కటి. సల్ఫేట్, కార్బొనేట్ రెండేసి. ఫాస్ఫేట్ పీఓ₄ మూడు. మా మేనకోడలు వీటిని ఫ్రిజ్ తలుపు మీద అంటించింది. పాలు తీసిన ప్రతిసారీ కనబడతాయి.

మూడు, రెండు కలిసే చోట ఒక సొంతూరి ఉదాహరణ ఉంది. నల్గొండ ఫ్లోరైడ్ బాధ తెలియని తెలుగువాళ్లు ఉండరు. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ తయారుచేసిన ఒక పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు పెట్టారు. నీళ్లలో సున్నం, అల్యూమినియం సల్ఫేట్ కలిపి, తిప్పి, అడుగున పేరుకున్నది వదిలేసి పైనీళ్లు తీసుకోవడం. ఆ అల్యూమినియం సల్ఫేట్ ఫార్ములా కడదాం. అల్యూమినియం +3, సల్ఫేట్ −2. క.సా.గు. 6. రెండు అల్యూమినియంలు, మూడు సల్ఫేట్ కుటుంబాలు: ఏఎల్₂(ఎస్ఓ₄)₃. పైకి చదివితే ‘ఏఎల్ రెండు, బ్రాకెట్‌లో ఎస్ఓ నాలుగు, బ్రాకెట్ బయట మూడు’. మొత్తం ఆక్సిజన్లు ఎన్ని అని అడగండి. పన్నెండు అని చెప్తే పిల్లకు బ్రాకెట్ అర్థమైనట్టు.

పేర్ల చివర తోక కూడా చూసుకోవాలి. క్లోరైడ్, ఆక్సైడ్, సల్ఫైడ్ లాగా ‘ఐడ్’ అని ఉంటే మామూలుగా ఒక్క మూలకమే. హైడ్రాక్సైడ్ లాంటివి ఒకట్రెండు మినహాయింపులు. ‘ఏట్’ అంటే ఆక్సిజన్ ఉన్న గుంపు. ‘ఐట్’ అంటే అదే గుంపులో ఒక ఆక్సిజన్ తక్కువ. నైట్రేట్ ఎన్ఓ₃, నైట్రైట్ ఎన్ఓ₂. రెండింటికీ ఆవేశం −1, టాలీ రెండు చోట్లా కుదురుతుంది, కానీ పదార్థం వేరు. ఇట్లాంటిదే ఇంకోటి, గుర్తుల్లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా. కోబాల్ట్ గుర్తులో రెండో అక్షరం చిన్నది. చేయి జారి రెండూ పెద్దవి రాస్తే అది కార్బన్ మోనాక్సైడ్, బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూసుకున్న గదిలో ప్రాణాలు తీసే వాయువు.

కొన్ని లోహాలు రెండు రకాలుగా బేరం చేస్తాయి. ఇనుము ఒకచోట రెండు ఎలక్ట్రాన్లు ఇస్తే ఇంకోచోట మూడు ఇస్తుంది. +2 అయితే ఫెర్రస్, +3 అయితే ఫెర్రిక్. ఇప్పటి పుస్తకాల్లో ఐరన్ పక్కన బ్రాకెట్‌లో రోమన్ అంకె వేస్తున్నారు. ఆ అంకె ఆవేశం, ఎన్ని ఇనుములు అని కాదు. చాలామంది పిల్లలు ఇక్కడ పొరబడతారు. ఫెర్రస్ సల్ఫేట్ ఎఫ్ఈఎస్ఓ₄, ఒకటికి ఒకటి. ఫెర్రిక్ సల్ఫేట్ ఎఫ్ఈ₂(ఎస్ఓ₄)₃. ఇది పుస్తకం తేడా మాత్రమే అనుకోకండి. రక్తం తక్కువున్న ఆడవాళ్లకు, ఆడపిల్లలకు ఇచ్చే ఐరన్ గోళీల అట్ట తిప్పి చూడండి. చాలావాటి మీద ఫెర్రస్ అనే ఉంటుంది. ఫెర్రిక్ కంటే దాన్ని మన పేగులు సులువుగా తీసుకుంటాయి. ఇంకోవైపు, జహీరాబాద్ చుట్టుపక్కల నేలకు ఆ ఎరుపు ఇచ్చేది ఫెర్రిక్ ఆక్సైడ్, ఎఫ్ఈ₂ఓ₃. వానాకాలం బడికి వెళ్లొచ్చిన పిల్లల తెల్ల సాక్సులకు అంటుకునేది అదే, ఎంత ఉతికినా పోదు.

పొలం ఉన్న ఇళ్లలో మంచి పాఠం ఎరువుల బస్తా మీదే ఉంటుంది. చెరకుకు, అల్లానికి వేసే పొటాష్ బస్తాలో ఉన్నది పొటాషియం క్లోరైడ్. +1, −1, కాబట్టి కేసీఎల్. కానీ బస్తా మీద 60 శాతం అని రాసేది పొటాషియం ఆక్సైడ్ లెక్కలో. పొటాషియం +1, ఆక్సిజన్ −2, ఫార్ములా కే₂ఓ. బస్తా విప్పి గింజ గింజా వెతికినా కే₂ఓ దొరకదు! ఎరువుల వ్యాపారంలో పాతకాలం నుంచి వచ్చిన కొలమానం అది. సరుకు డాలర్లకు అమ్మి, పుస్తకంలో రూపాయల్లో చూపించినట్టు. కామర్స్ వాడికి ఇది వెంటనే ఎక్కుతుంది. సైన్స్ చదివినవాళ్లే కాసేపు తెల్లమొహం వేస్తారు.

డీఏపీ పేరులో జవాబు సగం దాచి ఉంది. డై అమోనియం ఫాస్ఫేట్. డై అంటే రెండు, రెండు అమ్మోనియంలు, మొత్తం +2. ఫాస్ఫేట్ −3 కదా, మరి టాలీ ఎట్లా? మిగిలిన ఒక్క ప్లస్ హైడ్రోజన్ ఇస్తుంది. ఫార్ములా (ఎన్‌హెచ్₄)₂హెచ్‌పీఓ₄. ఇదే కిటుకు వంటింట్లో కూడా ఉంది. బట్టలకు వాడే వాషింగ్ సోడాలో ఉండేది సోడియం కార్బొనేట్, ఎన్ఏ₂సీఓ₃. కార్బొనేట్ −2 కాబట్టి రెండు సోడియాలు. ఆ రెండింట్లో ఒకదాని బదులు హైడ్రోజన్ కూర్చుంటే ఎన్ఏహెచ్‌సీఓ₃, మనం భజ్జీల పిండిలో చిటికెడు వేసే తినే సోడా. అది కడుపులోకి పోయేది, ఇది బట్టల సబ్బుతో పోయేది. డబ్బాల మీద పేరు రాసి పెట్టుకోండి, రెండూ తెల్లగానే ఉంటాయి.

పై తరగతికి వెళ్లాక పిల్లలు ఇంకో తప్పు చేస్తారు. ఫార్ములాను తుల్యం చేయడం, సమీకరణాన్ని తుల్యం చేయడం ఒకటే అనుకుంటారు. క్లోరిన్ వాయువు జంటగా ఉంటుంది, సీఎల్₂. సోడియంతో కలిసి ఉప్పు అయ్యే సమీకరణం రాస్తూ, ఎడమవైపు రెండు క్లోరిన్లు ఉన్నాయి కదా అని కుడివైపు ఎన్ఏసీఎల్₂ చేసేస్తారు. లెక్క కుదిరినట్టు కనబడుతుంది, కానీ అలాంటి ఉప్పు లోకంలో లేదు. ఫార్ములా ఒకసారి టాలీ అయ్యాక సీలు వేసిన సంచి. సంచుల సంఖ్య పెంచొచ్చు, విప్పి లోపల మార్చకూడదు. ముందు పెద్ద అంకె వేయాలి: రెండు సోడియం, ఒక సీఎల్₂ కలిసి రెండు ఎన్ఏసీఎల్.

చివరికి పటిక దగ్గరికి వచ్చాం. మనం ఫిట్కరీ అంటాం. బురద నీళ్లు తేటపడటానికి తిప్పుతారు, మంగలి షాపులో గడ్డం గీశాక రాస్తారు. మామూలు పటికలో ముగ్గురు వాటాదారులు: పొటాషియం +1, అల్యూమినియం +3, సల్ఫేట్ −2. ఇక్కడ క్రిస్‌క్రాస్ పనిచేయదు, ముగ్గుర్ని ఎట్లా అడ్డంగా మారుస్తాం? మీజాన్ మాత్రం పనిచేస్తుంది. ఒక పొటాషియం, ఒక అల్యూమినియం కలిపితే +4. అయితే సల్ఫేట్లు ఎన్ని? నేను చెప్పకముందే మేనకోడలు ‘‘రెండు’’ అంది. కేఏఎల్(ఎస్ఓ₄)₂. పలుకులో దీంతోపాటు 12 నీటి అణువులు కూడా ఉంటాయి. వాటికి ఆవేశం లేదు కాబట్టి టాలీ మారదు, చుక్క పెట్టి పక్కన రాస్తారు. పక్కగదిలోంచి మా ఆపా ‘‘ఎస్ఓ నాలుగు బ్రాకెట్‌లో పెట్టినవా?’’ అని అరిచింది. పెట్టింది.

మీ ఇంట్లో కూడా రాయించి చూడండి. పిల్లలు పైకి చదవాలి, పెద్దలు వినాలి. గ్యాస్ సిరప్‌లలో ఉండే అల్యూమినియం హైడ్రాక్సైడ్. ఎరువుల్లో అమ్మోనియం సల్ఫేట్. ఫెర్రిక్ క్లోరైడ్. ఎప్సమ్ సాల్ట్‌లోని మెగ్నీషియం సల్ఫేట్, ఇది క్రిస్‌క్రాస్ వాళ్లను పట్టేస్తుంది. ఆఖరిది కాల్షియం ఫాస్ఫేట్, మన ఎముకల్లో ఉండేది దీనికి దగ్గరి చుట్టమే.

జవాబులు వరసగా: ఏఎల్(ఓహెచ్)₃. (ఎన్‌హెచ్₄)₂ఎస్ఓ₄. ఎఫ్ఈసీఎల్₃. ఎంజీఎస్ఓ₄. చివరిది సీఏ₃(పీఓ₄)₂, ఇందులో ప్లస్ ఆరు, మైనస్ ఆరు.